పిట్ట కాళ్ల కాడి నీళ్లు

ఆ చలికాలం తుమ్మలగూడెంలో పొద్దున ఆరు కొట్టేసరికి ఆడవాళ్లంతా బిందెలతో పిల్లవాగు ఒడ్డుకు చేరేవాళ్లు. ముందు పిట్ట ఎక్కడ నిలబడిందో వెతుక్కోవాలి. ఒకరోజు కల్వర్టు కింద ఉండేది, ఒకరోజు బట్టలుతికే పాత బండల దగ్గర, ఒక్కోసారి అవతలి ఒడ్డున తుంగలో. కనబడ్డాక చప్పుడు చేయకుండా వెనక నుంచి వెళ్లి, దాని కాళ్ల చుట్టూ ఉన్న నీళ్లను చెంబులతో ముంచి బిందెలు నింపుకునేవాళ్లు.

పిట్ట నిలబడ్డ చోట, ఒక మంచం వేసినంత మేర నీళ్లు తేటగా ఉండేవి. ఆ మేర దాటితే వాగు ఎప్పటి వాగే. పొద్దున తుప్పు రంగు, ఎండెక్కితే ఊదా, సాయంత్రానికి మోకాలెత్తు నురగ. పిట్ట రెండడుగులు జరిగితే తేట నీళ్లు కూడా దానితోపాటు రెండడుగులు జరిగేవి. ఆడవాళ్లూ జరిగేవాళ్లు.

ఊరు దీనికి పద్ధతులు కూడా పెట్టుకుంది. పసిపిల్లలున్న ఇళ్లకు మొదటి వంతు. ఇంటికి రెండు బిందెలే. పిట్టను ఎవరూ ముట్టుకోకూడదు. కిష్టప్ప మాత్రం తన చాయ్ కొట్టుకు మూడో బిందె కావాలని రోజూ తగాదా పెట్టుకునేవాడు. పది గంటలకు పిట్ట తిండి కోసం మంజీర వైపు ఎగిరిపోయేది. వాగులో అది తినడానికి ఏమీ లేదు. పొద్దు గూకే ముందు మళ్లీ వచ్చేది.

దాన్ని మొదట చూసింది ముత్యమ్మ. కార్తీక పున్నమి పోయిన నాలుగో రోజు. అంతకుముందు రోజే ఆమె రెండో బర్రె చచ్చిపోయింది. వాగు నీళ్లు తాగి, కడుపు ఉబ్బి, కాళ్లు కొట్టుకుంటూ పోయింది. భాద్రపదంలో మొదటిదీ అట్లాగే పోయింది. తెల్లారి ముత్యమ్మ బర్రె లేని పలుపుతాడు చేతిలో పట్టుకుని వాగు ఒడ్డున నిలబడి, ఎవరిని తిట్టాలో తెలియక వాగునే తిడుతున్నది. అప్పుడు దిగింది అది. నల్లటి ఒళ్లు, తెల్లటి కడుపు, ఎర్రటి పొడుగు ముక్కు, ఎర్రటి కాళ్లు. ఎండ తగిలితే మెడ మీద ఆకుపచ్చ మెరుపు. కొంగల్ని ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నది గానీ ఇట్లాంటిది ఎన్నడూ చూడలేదు.

“సచ్చేతందుకు నీకు గీ జాగనే దొరికిందా?” అని దాని మీద కూడా అరిచింది ముత్యమ్మ.

పిట్ట ఆమెను ఒకసారి చూసి, ఒంటికాలి మీద నిలబడింది. దాని చుట్టూ నీళ్లు విచ్చుకున్నట్టు తేటబడ్డాయి. అడుగున గులకరాళ్లు కనిపించాయి, ఒక గాజు ముక్క కనిపించింది. ముత్యమ్మ వంగి దోసిలి పట్టింది, వాసన చూసింది, ఒక గుక్క తాగింది. తర్వాత పలుపుతాడు నడుముకు చుట్టుకుని, బిందె తేవడానికి ఇంటికి పోయింది.

అది ఏం పిట్టో చెప్పింది క్లారా టీచర్. ఆమె ఉండేది పోతిరెడ్డిపల్లిలో, సైన్సు చెప్పేది తుమ్మలగూడెం బడిలో. ఆదివారం చర్చి అయిపోయాక మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, స్కూటీ మీద చెరువులూ వాగులూ తిరగడం ఆమెకున్న ఒకే ఒక్క సరదా. ఆ ఆదివారం కల్వర్టు మీద స్కూటీ ఆపి, చాలాసేపు కదలకుండా నిలబడిపోయింది.

“నల్ల కొంగ ముత్యమ్మా ఇది. సైబీరియా దిక్కుకెల్లి వస్తది. చలికాలమంత ఉండి, ఎండలు ముదరకముందే వాపసు పోతది. ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న, మన దిక్కు ఒక్కసారన్న సూడలే.”

“అంత దూరంకెల్లి వచ్చి గీ మురికిల దిగిందా? తెలివి లేని పిట్ట.”

“తెలివి లేక కాదు. అది దిగే కుంటలన్ని ఇప్పుడు ప్లాట్లయినయి.”

క్లారా ఫోన్ తీసి పిట్టల లెక్కలో రాసుకుంది. ఒకటి, సాయంత్రం ఐదు, పిల్లవాగు. నీళ్ల సంగతి రాయడానికి అందులో గడి లేదు. ఆమె తన నీళ్ల సీసా నింపుకుని వెళ్లిపోయింది.

ముత్యమ్మ మనవరాలు, కొడుకు కూతురు సృజనకు ఆరేళ్లు. వానాకాలం నుంచి ఆ పిల్ల మోకాళ్ల కింద పుండ్లు. ఎన్ని మందులు పూసినా మానలేదు. బోరు నీళ్లు కూడా వాగు వాసనే కొట్టేవి, వాటితోనే స్నానం. పిట్ట నీళ్లతో కడగడం మొదలుపెట్టిన పదిహేను రోజులకు పుండ్లు ఎండి, పొట్టు రాలింది. మనవరాలి కాళ్లు నిమురుతున్నప్పుడల్లా ముత్యమ్మకు సంతోషం కంటే కోపమే ఎక్కువగా వచ్చేది. నీళ్లు బాగుంటే పిల్ల కాళ్లకు ఏమీ కాదు. అంటే ఇన్నాళ్లూ ఆ పిల్లను ఎవరో కాల్చుకు తిన్నట్టే.

ఎవరో కాదు. ఊరికి పైన, వాగు మలుపు తిరిగే చోట మందులు తయారు చేసే కంపెనీ ఉంది. దాని రేకుల రంగును బట్టి ఊళ్లో అందరూ నీలం షెడ్డు అంటారు. ముత్యమ్మ కొడుకు నర్సింగ్ మూడేళ్లుగా అందులోనే పని చేస్తున్నాడు, మురికి నీళ్లు శుద్ధి చేసే ట్యాంకుల దగ్గర. ఇంకా కంట్రాక్టు మనిషే, కానీ ఉగాది దాటితే సూపర్‌వైజర్ చేస్తామని మాట ఇచ్చారు.

రెండో బర్రెను పూడ్చిన రోజు ముత్యమ్మ కొడుకును వాకిట్లోనే ఆపింది.

“ట్యాంకుల కాడ ఉండేది నువ్వు. నీళ్లు మంచిగ చేసి ఇడుస్తమంటరు గదా. మరి వాగులకు గా విషం యాడికెల్లి వస్తున్నదిరా?”

“నాకేం తెల్సు అమ్మా. నా డ్యూటీ నేను చేస్త.”

“నీకు తెల్వదు?”

“తెల్వదంటున్న గదా!”

కొడుకు అబద్ధం చెప్పేటప్పుడు మెడ గోక్కుంటాడని ఆమెకు వాడి నాలుగో ఏట నుంచీ తెలుసు. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, పళ్లెం ముందుకు జరిపేది, మాట మాత్రం లేదు. నర్సింగ్ కూడా వాగు దిక్కు రావడం మానేశాడు. ఊరంతా పిట్టను చూసింది, అతను చూడలేదు.

పుష్యమాసంలో క్లారా కాలుష్యం చూసే ఆఫీసుకు అర్జీ రాసింది. ముత్యమ్మ దాని మీద వేలిముద్ర వేసింది, ఇంకో ముప్పైమంది వేశారు. పది రోజులకు ఆఫీసు నుంచి ఒక పెద్దసారు కారులో వచ్చాడు. నీలం షెడ్డు మేనేజరు దగ్గరుండి తీసుకొచ్చాడు. పొద్దున ఎనిమిది గంటలకు రమ్మన్నది కూడా మేనేజరే.

“ఇటు సార్, ఇటు దిగండి, జారుతుంది జాగ్రత్త,” అంటూ మేనేజరు ఆయనను చెయ్యి పట్టుకుని నేరుగా పిట్ట దగ్గరికి నడిపించాడు. పెద్దసారు ప్యాంటు మడుచుకుని, పిట్ట కాళ్ల పక్కన సీసా ముంచాడు. ఎండకు పట్టి చూస్తే సీసా గాజూ నీళ్లూ వేరు తెలియలేదు.

“గా పక్కకెల్లి ముంచుండ్రి సారూ!” ఒడ్డు మీంచి ముత్యమ్మ గొంతు చించుకుంది. “మూడడుగులు పక్కకు పోండ్రి! ఊదా రంగున్న కాడ ముంచుండ్రి!”

పెద్దసారు తలెత్తలేదు. సీసాకు మూత బిగించి, చీటీ అంటించి, కారెక్కాడు.

నెల తిరక్కుండా పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. పిల్లవాగు నీరు అన్ని పరీక్షల్లో నెగ్గిందట, తాగడానికి కూడా పనికొస్తుందట. అంతవరకు వారానికి మూడుసార్లు కంపెనీ పంపే మంచినీళ్ల ట్యాంకర్ మరుసటి రోజు నుంచే బంద్ అయింది. వాగే శుభ్రంగా ఉంటే ట్యాంకర్ ఎందుకన్నారు. ఆ వారమే నీలం షెడ్డు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. అందులో నల్ల కొంగ ఫొటో, దాని పక్కన నవ్వుతున్న మేనేజరు, కింద ‘పక్షులు మెచ్చిన పరిశ్రమ’ అని బంగారు రంగు అక్షరాలు.

క్లారా అది ముత్యమ్మకు చదివి వినిపించింది.

“నా బర్రెల్ని సంపి, నా మనవరాలి కాళ్లు తిని, ఇప్పుడు మా పిట్టను గుంజుకపోయి గేటుకు కట్టుకున్నరా?”

“మళ్లొక అర్జీ రాస్త ముత్యమ్మా. ఈసారి పై ఆఫీసుకు. మళ్ల శాంపిల్ తీయమందాం.”

“ఎన్నిసార్లు తీస్తే ఏంది టీచరమ్మా? పిట్ట కాళ్ల కాడనే ముంచుతరు.” ముత్యమ్మ నెమ్మదిగా అంది. “పిట్ట ఉన్నంత సేపు వాళ్లదే గెలుపు.”

పై ఆఫీసు నుంచి వేరే మనిషి వస్తున్నాడని తెలిసిన రోజు, ముత్యమ్మ తన మనసులో మాట ఆడవాళ్లకు చెప్పింది. అందరూ ఒక్కసారిగా ఆమె మీద పడ్డారు. పక్కింటి కనకమహాలక్ష్మి చంకలో మూడు నెలల పిల్ల ఉంది. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“నీకేం అత్తా, నీ మనవరాలి పుండ్లు మానినయి. పిట్టను ఎల్లగొడితే నా పిల్లకు ఏం పొయ్యాలె? గా ఊదా నీళ్లా?”

“మాఘం అయిపోతున్నది. ఎండ ముదిరితే అదే పోతది. అప్పుడేం పోస్తవ్?”

“ఉన్నన్ని దినాలన్న తాగనియ్యరాదు!”

“ఉన్నన్ని దినాలు తాగుకుంట, వాగు మంచిగున్నదని మనమే సాక్ష్యం చెప్తున్నమే పిల్లా. రోజు పొద్దుగాల బిందెలు పట్టుకొని వరుసగ నిలబడి చెప్తున్నం.”

కనకమహాలక్ష్మి పిల్లను చంక మార్చుకుని వెళ్లిపోయింది. ఇంకెవరూ సరే అనలేదు, వద్దని కూడా అనలేదు.

ఆ మనిషి వచ్చే రోజు పొద్దున ముత్యమ్మ అందరికంటే ముందు వాగుకు వచ్చి, ఉన్న ఆడవాళ్లందరి చేతా దొరికిన గిన్నెలన్నీ నింపించింది. రెండు బిందెల పద్ధతిని ఆమే తీసేసింది. బకెట్లు, డబ్బాలు, బిడ్డ ఉగ్గుగిన్నె దాకా నిండాయి. కిష్టప్పకు మూడో బిందె కాదు, ఐదో బిందె కూడా దొరికింది. ముత్యమ్మ తన బిందెను చివరగా నింపుకుంది.

ఎనిమిదికి జీపు వచ్చింది. ఈసారి దిగినవాడు చిన్న వయసువాడు, పేరు నవీన్‌కుమార్. అతని పక్కన మేనేజరు, వెనక సీసాల డబ్బా మోస్తూ నర్సింగ్. డబ్బా మోయడానికి కంపెనీ అతన్నే పంపింది. తల్లిని చూసి అతను డబ్బాను భుజం మార్చుకుని, మొహం దాని వెనక పెట్టుకున్నాడు.

“ఇటు సార్,” అన్నాడు మేనేజరు, పిట్ట వైపు చెయ్యి చూపిస్తూ.

ముత్యమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి వాగులో దిగింది. ఊదా నీళ్లు పిక్కల్ని మండించాయి. పిట్టకు పది అడుగుల దూరంలో ఆగి, చేతులు ఊపింది.

“పో! ఇగ పో!”

పిట్ట కదల్లేదు. మూడు నెలల్లో దానికి ఈ మనుషులంటే భయం పోయింది. ముత్యమ్మ వంగి బురద గడ్డ తీసుకుంది.

“ఏయ్, ఏంటమ్మా అది!” మేనేజరు అరిచాడు. “అరుదైన పక్షి అది! ఫారెస్టు వాళ్లతో కేసు పెట్టిస్తా!”

“పెట్టు! బర్రెలకు లేని కేసు పిట్టకున్నదా? పెట్టు!”

బురద గడ్డ పిట్ట పక్కన నీళ్లలో పడింది. రెండోది రెక్కకు తగిలింది. ఆ దెబ్బ తనకే తగిలినట్టు ముత్యమ్మ నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. ఒడ్డున కనకమహాలక్ష్మి కళ్లు మూసుకుంది. పిట్ట రెక్కలు విప్పి లేచింది. అది నిలబడ్డ చోట తేట నీళ్లు ఒక్క క్షణం ఆగి, నాలుగు దిక్కుల నుంచి వచ్చిన ఊదాలో కలిసిపోయాయి.

పిట్ట మంజీర వైపు పోలేదు. వాగు ప్రవాహానికి ఎదురుగా ఎగిరి, మలుపు దగ్గర, నీలం షెడ్డు వెనక గోడ కింద దిగింది. అక్కడికి ఎవరినీ పోనివ్వరు. కాపలా మనిషి ఒకడు గోడ మీంచి తల పెట్టి “అరే మా జీ, ఉధర్ నహీ జానా!” అని అటు పోవద్దంటున్నా ముత్యమ్మ ఆగలేదు. నీళ్లలోనే తోసుకుంటూ నడిచింది. ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక నవీన్‌కుమార్. “సార్, మనకు అటు పని లేదు సార్,” అంటూ మేనేజరు. అందరికంటే వెనక డబ్బా మోస్తూ నర్సింగ్.

పిట్ట గోడకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. దాని చుట్టూ మంచం వేసినంత మేర నీళ్లు తేటబడ్డాయి. అడుగు దాకా కనిపించింది. పేర్చిన రాళ్లు, రాళ్ల మధ్య గోడ కింది నుంచి వచ్చిన, మనిషి తొడంత లావు నల్లటి పైపు మూతి. పైపులోంచి ఊదా రంగు చిక్కగా, ఆగకుండా వస్తున్నది.

అందరూ చూశారు.

“అది... రైతులెవరో వేసుకున్న పాత మోటారు పైపు సార్,” అన్నాడు మేనేజరు. “మేము రాకముందుది.”

“రైతుల పైపు మీ గోడ కిందికెల్లి ఎందుకు పోయింది?” అడిగాడు నవీన్‌కుమార్.

“సర్వే చేయిస్తాం సార్. రిపోర్టు పంపిస్తాం.”

ముత్యమ్మ మేనేజరును చూడలేదు. కొడుకును చూసింది. నర్సింగ్ చెయ్యి మెడ మీదికి పోయింది, మధ్యలోనే ఆగింది. మూడు నెలల్లో అతను పిట్టను చూడటం అదే మొదటిసారి. దాని రెక్క మీద తల్లి విసిరిన బురద ఇంకా ఉంది. అతను డబ్బాను ఒడ్డున దించాడు. సీసాలు గలగలమన్నాయి.

“మోటరు పైపు కాదు సార్. పోయిన ఎండకాలం వేసినం. నలుగురం వేసినం, నేను గూడ ఉన్న. ఆ రాళ్లు పేర్చింది నేనే.”

“నర్సింగ్! ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?”

“తెలుస్తుంది సార్. ట్యాంకులు నడిచేది సార్లు లోపలికి సూడనీకి వచ్చిన దినమే. మిగతా దినాలు గిదే నడుస్తది.”

పిట్ట ఇంకొంచెం సేపు నిలబడింది. అది అక్కడ ఉంటే సీసాలో మళ్లీ మంచి నీళ్లే పడతాయని ముత్యమ్మకు తెలుసు. వంగి మట్టి తీసుకుంది. కానీ ఈసారి చెయ్యి లేవలేదు. పిట్టే లేచింది. గోడ మీంచి, నీలం రేకుల మీంచి, పొగ గొట్టం పక్క నుంచి మంజీర దిక్కుకు ఎగిరిపోయింది. నీళ్లు మూసుకున్నాయి. నవీన్‌కుమార్ పైపు మూతి దగ్గర నాలుగు సీసాలు నింపాడు. నాలుగోదానికి మూత పెడుతూ మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు.

నర్సింగ్ అన్న ఆ నాలుగు మాటలతో అతని బతుకు వేరే దారి పట్టింది. ఆ రోజే కొలువు పోయింది. చైత్రం దాటకముందే నీలం షెడ్డు గేటుకు సీలు పడింది. దాంతో పని పోయిన వాళ్లలో సగంమంది అతను ఎదురైతే ఉమ్మేసి పోయేవాళ్లు. తర్వాత అతను ఏ కంపెనీకి పోయినా గేటు దగ్గర పేరు అడిగి, లోపలికి ఫోన్ చేసి, ఖాళీలు లేవనేవాళ్లు. సూపర్‌వైజర్ కావలసినవాడు సంగారెడ్డిలో ఒక మొక్కల నర్సరీలో కుండీలు మోశాడు. కోర్టు పిలిచినప్పుడల్లా వెళ్లి సాక్ష్యం చెప్పాడు, ఒక్క వాయిదా తప్పలేదు. వాగులో ఊదా రంగు తగ్గడానికి రెండు వానాకాలాలు పట్టింది. పూర్తిగా ఇంకా పోలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం నర్సింగ్ ఒడ్డు మీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ముత్యమ్మ వెనక్కి నడిచి వెళ్లి, తన బిందె చంకనేసుకుని వచ్చి అతని ముందు నిలబడింది. మూడు నెలల తర్వాత కొడుకుతో మాట్లాడింది.

“ఎండకాలం వేసినవ్. భాద్రపదంల మొదటి బర్రె సచ్చింది.”

“అవునమ్మా.”

“పిల్ల కాళ్లు సూసుకుంటనే బువ్వ తిన్నవ్.”

ఆమె బిందె వంచి చెంబు నింపి ముందుకు చాపింది.

“నాకొద్దమ్మా. సృజనకు ఉంచు.”

“తాగు.”

అతను తాగాడు. సగం నీళ్లు గడ్డం మీద, చొక్కా మీద పడ్డాయి.

“ఇగ లే,” అంది ముత్యమ్మ. ఆమె గొంతులో కోపం అట్లాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. “నువ్వు చెప్తుంటే గా సారు సగమే రాసుకున్నడు, నేను సూసిన. పోయి మొదటికెల్లి చెప్పు. ఆ నలుగురి పేర్లు చెప్పు. ఎవలు వెయ్యమంటే వేసిన్రో వాని పేరు చెప్పు. నేను పక్కన నిలబడ్త.”

నర్సింగ్ లేచి జీపు దాకా నడిచాడు. బానెట్ మీద సీసాలకు చీటీలు అంటిస్తున్న నవీన్‌కుమార్ అతన్ని చూసి, చీటీలు పక్కన పెట్టి, కొత్త కాగితం తీశాడు. నర్సింగ్ మొదలుపెట్టాడు. ముత్యమ్మకు చదువు రాదు. అయినా బిందె దించి, నడుము మీద చేతులు వేసుకుని, కాగితం మీద కదులుతున్న పెన్నునే చూస్తూ నిలబడింది. అది ఆగినప్పుడల్లా, “రాయి సారూ,” అంది.